డెన్నిస్ రిచీ

డెన్నిస్ మెక్‌అలిస్టేర్ రిచీ (సెప్టెంబరు 9, 1941 - అక్టోబరు, 2011) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ కంప్యూటరు శాస్త్రవేత్త. సి ప్రోగ్రామింగు భాషను సృష్టించినవాడిగాను, కెన్ థాంప్సన్‌తో కలిసి యూనిక్సు ఆపరేటింగు సిస్టమును నిర్మించినవాడిగాను ఇతడు లోకప్రసిద్ధుడు. ఒకే కంప్యూటరును పలువురు పంచుకొని వాడేటపుడు ఎవరి ఫైలును ఎవరు చదవవచ్చును, ఎవరు మార్చవచ్చును అన్న ప్రశ్నకు యూనిక్సు ఇచ్చిన సమాధానంలో అతి కీలకమైన అంశం రిచీ స్వయంగా కనుగొన్నదే. లినక్సు వాడేవారికి తరచుగా ఎదురయ్యే "పర్మిషన్ డినైడ్" అనే సందేశం వెనుక ఉన్న నియమాలను అర్థం చేసుకోవడానికి ఇతని జీవితము, కృషి మంచి దారి చూపుతాయి.

బాల్యం, విద్యాభ్యాసం

రిచీ 1941 సెప్టెంబరు 9న న్యూయార్కు రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్‌లో జన్మించాడు. తండ్రి అలిస్టేర్ రిచీ బెల్ ప్రయోగశాలలలో శాస్త్రవేత్త. టెలిఫోను ఎక్స్ఛేంజీలకు ఆధారమైన స్విచ్చింగు సర్క్యూట్ల రూపకల్పనపై వెలువడిన ఒక ప్రామాణిక గ్రంథానికి సహరచయిత. డెన్నిస్ చిన్నతనంలోనే వీరి కుటుంబం న్యూజెర్సీలోని సమ్మిట్ పట్టణానికి తరలివెళ్ళింది. ఉన్నత పాఠశాల చదువు అక్కడే పూర్తిచేసి, హార్వర్డు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం అభ్యసించి, 1963లో పట్టభద్రుడయ్యాడు. తరువాత అదే విశ్వవిద్యాలయంలో అనువర్తిత గణితంలో పరిశోధన కొనసాగించాడు.

1968లో ప్రోగ్రాముల నిర్మాణానికి, గణన సంక్లిష్టతకు గల సంబంధంపై సిద్ధాంత వ్యాసం వ్రాశాడు. కాని జిల్దు కట్టించిన ప్రతిని గ్రంథాలయానికి సమర్పించవలెనన్న నిబంధనను అతడు పూర్తిచేయలేదు. అందువలన డాక్టరేటు పట్టా ఎన్నడూ చేతికి రాలేదు. చాలాకాలం కనబడకుండా పోయిన ఆ వ్యాసాన్ని 2020లో కాలిఫోర్నియాలోని కంప్యూటరు చరిత్ర సంగ్రహాలయం వెలుగులోకి తెచ్చింది.

బెల్ ప్రయోగశాలలు - మల్టిక్స్

రిచీ 1967లో తండ్రి పనిచేసిన బెల్ ప్రయోగశాలలలోనే చేరాడు. ఆ రోజులలో కంప్యూటరు ఒక గదిని ఆక్రమించే ఖరీదైన యంత్రం. దాని కాలాన్ని చిన్న చిన్న భాగాలుగా పంచి, ఎందరో ఏకకాలంలో వాడుకొనేటట్లు చేసే పద్ధతికి కాలవిభజన అని పేరు. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ (ఎం.ఐ.టి.), జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలతో కలిసి బెల్ ప్రయోగశాలలు మల్టిక్స్ అనే బృహత్తరమైన కాలవిభజన వ్యవస్థను నిర్మించసాగాయి. ఫైళ్ల రక్షణ విషయంలో మల్టిక్స్ ఎంతో పకడ్బందీ అయినది. ఏ వ్యక్తికి ఏ హక్కు ఉన్నదో ప్రతి ఫైలుకు ఒక జాబితా ఉండేది.

అయితే పని అనుకున్నంత వేగంగా సాగలేదు. 1969లో బెల్ ప్రయోగశాలలు ఈ ప్రయత్నం నుండి వైదొలగినవి. ప్రోగ్రాములు వ్రాసుకొనే చోటు మాత్రమే కాక, నలుగురు కలిసి పనిచేసుకొనే వాతావరణం కూడా తమకు దూరమవుతుందని థాంప్సన్, రిచీ మొదలైనవారు బాధపడ్డారు. ఆ వాతావరణాన్ని నిలుపుకోవాలన్న కోరికే యూనిక్సు పుట్టుకకు మూలమని రిచీ తరువాతి కాలంలో ఒక వ్యాసంలో వివరించాడు.

యూనిక్సు ఆవిర్భావం

1969లో థాంప్సన్, అంతగా వాడుకలో లేని పి.డి.పి.-7 అనే చిన్న కంప్యూటరుపై యూనిక్సు తొలిరూపాన్ని వ్రాశాడు. ఫైళ్ల వ్యవస్థ రూపకల్పనలో రిచీ పాలుపంచుకొన్నాడు. ఇందులో ప్రతి ఫైలుకు ఐ-నోడు అనే చిన్న నమోదు ఉంటుంది. ఫైలు పరిమాణం, డిస్కుపై దాని స్థానం, దానికి వర్తించే అనుమతులు ఆ నమోదులో ఉంటాయి. ఫైలు పేరు మాత్రం ఐ-నోడులో ఉండదు. అది డైరెక్టరీలో ఉంటుంది. చిన్నదిగా కనిపించే ఈ ఏర్పాటు ప్రభావం అనుమతుల విషయంలో చాలా పెద్దది.

తరువాత పి.డి.పి.-11 కంప్యూటరు వచ్చింది. 1971లో బెల్ ప్రయోగశాలల పేటెంటు విభాగంలోని టైపిస్టులు యూనిక్సుకు తొలి నిత్య వినియోగదారులయ్యారు. ఆ యంత్రం మొత్తం జ్ఞాపకశక్తి 24 కిలోబైట్లు. డిస్కు అర మెగాబైటు. ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రాము జాగాలోకి చొరబడకుండా అడ్డుకొనే జ్ఞాపక రక్షణ ఆ యంత్రంలో లేదు. టైపిస్టులు పేటెంటు దరఖాస్తులు టైపు చేస్తూ ఉండగానే, అదే యంత్రంపై రూపకర్తలు తమ కొత్త ప్రోగ్రాములను పరీక్షించుకొనేవారు. ఒక్క పొరపాటు జరిగితే అందరి పనీ ఆగిపోయేది. ఇతరుల పనికి భంగం కలగకుండా తన పని చేసుకోవడం ఎంత ముఖ్యమో వారికి ప్రతి దినమూ అనుభవమే.

సి భాష

థాంప్సన్ రూపొందించిన బి అనే భాషను రిచీ 1971-73 మధ్యకాలంలో విస్తరించి, సి భాషగా తీర్చిదిద్దాడు. 1973లో యూనిక్సు కెర్నెలును సి భాషలో తిరిగి వ్రాశారు. అంతవరకు ఆపరేటింగు సిస్టములను ఎక్కువగా ఆయా యంత్రాల అసెంబ్లీ భాషలోనే వ్రాసేవారు. సి రాకతో ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి యూనిక్సును తరలించడం సులువైంది. 1978లో బ్రయాన్ కెర్నిగన్‌తో కలిసి రిచీ వ్రాసిన సి భాషా గ్రంథం ప్రపంచమంతటా పాఠ్యపుస్తకమైంది. యూనిక్సుతో పాటే దాని అనుమతుల పద్ధతి కూడా విశ్వవిద్యాలయాలకు, వ్యాపార సంస్థలకు వ్యాపించింది.

ఫైళ్ల అనుమతులు

మల్టిక్స్‌లోని పొడవైన జాబితాల స్థానంలో యూనిక్సు కొద్దిపాటి బిట్లతో సరిపెట్టుకొంది. 1974లో థాంప్సన్, రిచీ ప్రచురించిన సుప్రసిద్ధ పరిశోధన పత్రం ప్రకారం ఒక్కొక్క ఫైలుకు ఏడు రక్షణ బిట్లు ఉండేవి. వీటిలో ఆరు బిట్లు యజమానికి, తక్కిన అందరికి చదివే, వ్రాసే, నడిపే హక్కులను తెలుపుతాయి. 1978 నాటి సవరించిన పత్రంలో సమూహం అనే మూడవ వర్గం కూడా చేరి, బిట్ల సంఖ్య పదికి పెరిగింది.

నేటికీ వాడుకలో ఉన్నది ఈ పద్ధతే. యజమాని, సమూహం, ఇతరులు అని మూడు వర్గాలు. చదవడం, వ్రాయడం, నడపడం అని మూడు హక్కులు. చదవడానికి 4, వ్రాయడానికి 2, నడపడానికి 1 అని విలువలు ఇచ్చి, ఒక్కొక్క వర్గానికి ఆ విలువలను కూడుతారు. 640 అంటే యజమాని చదివి వ్రాయగలడు, సమూహంలోనివారు చదవగలరు, ఇతరులకు ఏ హక్కూ లేదు.

డైరెక్టరీల విషయంలో ఈ హక్కులకు అర్థం మారుతుంది. డైరెక్టరీని చదవడమంటే అందులోని పేర్లను చూడడం. వ్రాయడమంటే పేర్లను చేర్చడం, తొలగించడం. నడపడమంటే దాని గుండా లోపలికి వెళ్ళగలగడం. ఫైలు పేరు డైరెక్టరీలోనే ఉంటుంది కనుక, ఫైలును తొలగించే హక్కు ఆ ఫైలు అనుమతులపై గాక, అది ఉన్న డైరెక్టరీ అనుమతులపై ఆధారపడుతుంది. కొత్తగా నేర్చుకొనేవారిని ఎక్కువగా తికమక పెట్టే అంశం ఇదే.

సెట్‌యుఐడి - రిచీ పేటెంటు

ఈ పద్ధతిలో ఒక చిక్కుముడి ఉంది. అందరి సంకేతపదాలు ఒకే ఫైలులో ఉన్నాయనుకుందాం. దానిని ఎవరుబడితే వారు మార్చగలిగితే రక్షణ ఉండదు. ఎవరూ మార్చలేకపోతే, ఎవరి సంకేతపదాన్ని వారు మార్చుకొనే వీలు కూడా ఉండదు. ప్రతిసారి నిర్వాహకుడిని ఆశ్రయించవలసి వస్తుంది. చదివే, వ్రాసే హక్కులను ఎన్ని విధాలుగా అటూ ఇటూ మార్చినా ఈ ముడి వీడదు.

రిచీ కనుగొన్న పరిష్కారం ఒకే ఒక్క బిట్టు. దాని పేరు సెట్‌యుఐడి. ఈ బిట్టు ఉన్న ప్రోగ్రామును ఎవరు నడిపినా, అది నడుస్తున్నంతసేపు ఆ ప్రోగ్రాము యజమాని హక్కులతో పనిచేస్తుంది. సంకేతపదం మార్చే ప్రోగ్రాముకు యజమాని రూట్ అనబడే సర్వాధికారి. సామాన్య వినియోగదారు దానిని నడిపినపుడు, అది అతనిని గుర్తించి, అతని నమోదును మాత్రమే మార్చి ఆగిపోతుంది. రిజిస్ట్రేషను కార్యాలయంలో పుస్తకాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా, గుమాస్తా ద్వారా ఎవరి దస్తావేజును వారు నమోదు చేయించుకోవడం వంటిదే ఇది. అధికారం మనిషికి గాక, నిర్ణీతమైన ఒక పనికి దక్కుతుంది.

ఈ ఆవిష్కరణకు 1973 జూలైలో బెల్ ప్రయోగశాలల తరఫున పేటెంటు దరఖాస్తు దాఖలైంది. 1979 జనవరి 16న రిచీ ఆవిష్కర్తగా 4,135,240 సంఖ్యతో అమెరికా పేటెంటు మంజూరయింది. తరువాత ఆ పేటెంటును ప్రజలకు అంకితం చేశారు. అందువలన ఇతర యూనిక్సు తరహా వ్యవస్థలన్నీ ఈ పద్ధతిని రుసుము లేకుండా స్వీకరించగలిగాయి.

భద్రతపై రిచీ అభిప్రాయాలు

తన సృష్టిలోని లోపాలను గురించి మొట్టమొదట వివరంగా వ్రాసినవారిలో రిచీ కూడా ఉన్నాడు. యూనిక్సు భద్రతపై 1970వ దశకం చివరలో వ్రాసిన చిన్న వ్యాసంలో, ఈ వ్యవస్థను అసలు భద్రతను దృష్టిలో పెట్టుకొని నిర్మించలేదని స్పష్టంగా ఒప్పుకొన్నాడు. సెట్‌యుఐడి బిట్టు ఉన్న ఫైలుపై ఇతరులకు వ్రాసే హక్కు మిగిలిపోతే, ఎవరైనా దాని స్థానంలో మరొక ప్రోగ్రామును నింపి సర్వాధికారం సంపాదించగలరని హెచ్చరించాడు.

ఆ భయం ఊరకే పోలేదు. లినక్సులో నిర్వాహక పనులకు వాడే సుడో అనే సెట్‌యుఐడి ప్రోగ్రాములో ఒక దోషం 2011 నుండి దాగి ఉండి, 2021 జనవరిలో బయటపడింది. ఆ యంత్రంలో ఖాతా ఉన్న సామాన్యుడెవరైనా దాని ద్వారా రూట్ కాగలిగేవాడు. 2013లో విడుదలైన ఆండ్రాయిడు 4.3 తన వ్యవస్థ నుండి సెట్‌యుఐడి ప్రోగ్రాములను తొలగించింది. సర్వాధికారాన్ని చిన్న చిన్న ముక్కలుగా విభజించి, ప్రోగ్రాముకు అవసరమైన ముక్కను మాత్రమే ఇచ్చే పద్ధతి కూడా లినక్సులో ఏర్పడింది. ఒక పనికి ఎంత అధికారం కావాలో అంతే ఇవ్వాలన్న ఆలోచన వీటన్నింటిలోను కొనసాగుతున్నది.

అనుమతి సమస్యను విశ్లేషించే విధానం

ఎన్టీఆర్ జిల్లా తిరువూరులో ఒక కళాశాల ఉన్నదని, దాని ప్రయోగశాలలో ఒకే లినక్సు సర్వరును ఉపాధ్యాయులు, విద్యార్థులు పంచుకొంటున్నారని ఊహించుకుందాం. ఉపాధ్యాయుని డైరెక్టరీలో ఉన్న పాఠాన్ని విద్యార్థి తెరవబోతే "పర్మిషన్ డినైడ్" అని వచ్చింది. అంటే యంత్రం చెడిపోయిందని కాదు; అడిగిన ప్రశ్నకు అది కాదని సమాధానం చెప్పింది. ఆ ప్రశ్న ఏమిటో తెలుసుకోవాలంటే ఈ క్రమం ఉపకరిస్తుంది.

మొదటిది, అడుగుతున్నది ఎవరు? ఐడి అనే ఆదేశం వినియోగదారు పేరును, అతడున్న సమూహాలను చూపుతుంది. విద్యార్థిని కొత్తగా సమూహంలో చేర్చితే, అతడు ఒకసారి బయటకు వెళ్ళి తిరిగి లాగిన్ అయ్యేవరకు సాధారణంగా ఆ సభ్యత్వం అమలులోకి రాదు. వెబ్ సర్వరు వంటి ప్రోగ్రాములు తమ సొంత వినియోగదారు పేరుతో నడుస్తాయి కనుక, మనకు తెరుచుకొన్న ఫైలు వాటికి తెరుచుకోకపోవచ్చును.

రెండవది, ఫైలు ఎవరిది? ఎల్ఎస్ ఆదేశానికి -ఎల్ జోడిస్తే యజమాని, సమూహం, అనుమతులు కనిపిస్తాయి. సుడోతో సృష్టించిన ఫైలు మన డైరెక్టరీలో ఉన్నప్పటికీ రూట్ సొత్తు అవుతుంది. మరునాడు మనమే దానిని మార్చలేము.

మూడవది, దారిలో తలుపులు తెరిచి ఉన్నాయా? ఫైలు వరకు గల ప్రతి డైరెక్టరీలోను నడిచే హక్కు ఉండాలి. పాఠం ఫైలుకు 644 ఉన్నా, ఉపాధ్యాయుని డైరెక్టరీకి 700 ఉంటే విద్యార్థి లోపలికి వెళ్ళలేడు. నేమ్ఐ అనే ఆదేశానికి కూడా -ఎల్ జోడించి ఈ దారి మొత్తాన్ని మెట్టు మెట్టుగా చూడవచ్చును.

నాల్గవది, ఏ వర్గం వర్తిస్తుంది? కెర్నెలు ముందుగా యజమానివా అని చూస్తుంది, తరువాత సమూహంలో ఉన్నావా అని చూస్తుంది, రెండూ కాకపోతే ఇతరుల వర్గానికి వస్తుంది. మొదట కుదిరిన వర్గం దగ్గరే ఆగిపోతుంది. అందువలన 044 అనుమతులున్న ఫైలును ఇతరులందరు చదవగలరు గాని, దాని యజమాని చదవలేడు.

ఐదవది, వేరే అడ్డంకి ఉన్నదా? అనుమతుల వరుస చివర కూడిక గుర్తు ఉంటే ప్రత్యేక జాబితా ఒకటి అమలులో ఉన్నట్లు. చదవడానికి మాత్రమే జతచేసిన డిస్కులు, మార్పునకు వీలులేని లక్షణం తగిలించిన ఫైళ్లు, ఎస్ఇ-లినక్సు వంటి అదనపు రక్షణలు కూడా పనిని అడ్డగించగలవు.

కారణం తెలియకుండా సీహెచ్‌మోడ్ ఆదేశంతో 777 ఇచ్చివేయడం చాలామంది చేసే పని. దానితో సందేశం పోవచ్చును గాని, ఆ ఫైలు ఊరందరి సొత్తవుతుంది. మార్కుల జాబితాకు అలా చేస్తే ఏ విద్యార్థి అయినా మార్కులను దిద్దగలడు. కొన్నిచోట్ల అతిగా తెరవడమే కొత్త అడ్డంకి అవుతుంది. దూరపు యంత్రంలో లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రాము, రహస్య తాళంచెవి ఫైలును ఇతరులు చదివే వీలుంటే దానిని వాడనని నిరాకరిస్తుంది. దానికి 600 ఉండాలి. పైన చెప్పుకొన్న ఉదాహరణలో సరియైన పరిష్కారం, పాఠాలకు వేరే డైరెక్టరీ ఏర్పరచి, దాని సమూహాన్ని, పాఠాల సమూహాన్ని విద్యార్థుల సమూహంగా మార్చి, డైరెక్టరీకి 750, పాఠాలకు 640 ఇవ్వడం. ఉపాధ్యాయుని సొంత డైరెక్టరీ మునుపటివలెనే మూసి ఉంటుంది.

పురస్కారాలు

1983లో రిచీ, థాంప్సన్‌లకు కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగు పురస్కారం లభించింది. 1988లో రిచీ అమెరికా జాతీయ ఇంజనీరింగు అకాడమీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు. 1990లో వీరిద్దరు హామింగు పతకాన్ని, తరువాత 1998 సంవత్సరానికి అమెరికా జాతీయ సాంకేతిక పతకాన్ని అందుకొన్నారు. జాతీయ పతకాన్ని అధ్యక్షుడు బిల్ క్లింటన్ 1999లో ప్రదానం చేశాడు. 2011లో వీరికి జపాన్ పురస్కారం దక్కింది.

చివరి దశ, మరణం

రిచీ తన ఉద్యోగ జీవితమంతా బెల్ ప్రయోగశాలలలోనే గడిపాడు. యూనిక్సు తరువాత వచ్చిన ప్లాన్ 9, ఇన్‌ఫర్నో వ్యవస్థల అభివృద్ధిలోను పాలుపంచుకొన్నాడు. మితభాషిగా, నిరాడంబరుడిగా పేరుపొందాడు. యూనిక్సును తిట్టిపోస్తూ 1994లో వెలువడిన ఒక పుస్తకానికి ముందుమాటకు బదులు ఎదురుమాట వ్రాసి ఇవ్వడం అతని హాస్యప్రియత్వానికి నిదర్శనం. 2007లో పదవీ విరమణ చేశాడు.

2011 అక్టోబరు 12న న్యూజెర్సీలోని బర్కిలీ హైట్స్‌లో తాను ఒంటరిగా నివసించే ఇంటిలో రిచీ మరణించి కనిపించాడు. అప్పటికి వయస్సు 70 సంవత్సరాలు. వారం రోజుల ముందు, అక్టోబరు 5న, మరణించిన ఆపిల్ సంస్థ సహవ్యవస్థాపకుడు స్టీవ్ జాబ్స్‌ను గురించి ప్రపంచమంతా మాట్లాడుకొంటున్న సమయమది. ఆపిల్ మ్యాక్, ఐఫోనుల లోపల ఉన్నది యూనిక్సు సంతతికి చెందిన వ్యవస్థే అయినా, రిచీ మరణం కంప్యూటరు రంగం వెలుపల అంతగా ఎవరి దృష్టికీ రాలేదు. ఆ ఏడాది నవంబరులో విడుదలైన ఫెడోరా 16 లినక్సును అతని స్మృతికి అంకితం చేశారు.

ప్రభావం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఇంజనీరింగు విద్యార్థులకు ఏళ్ల తరబడి తొలి ప్రోగ్రామింగు భాషగా పరిచయమైనది రిచీ సృష్టించిన సి భాషే. హైదరాబాదు కేంద్రంగా ఉన్న స్వేచ్ఛ సంస్థ తెలుగులో అందించిన ఆపరేటింగు సిస్టముకు కూడా లినక్సే పునాది. ఆండ్రాయిడు ఫోనులలో ప్రతి అనువర్తనానికి వేర్వేరు వినియోగదారు సంఖ్యను కేటాయించి, ఒకదాని సమాచారాన్ని మరొకటి చదవకుండా కాపాడేది యూనిక్సు నాటి యజమాని, సమూహం, ఇతరులు అనే విభజనే. పేటెంటు విభాగపు టైపిస్టుల పనికి భంగం కలగకుండా తమ పని చేసుకొన్న కొద్దిమంది మధ్య రూపుదిద్దుకొన్న ఆ నియమాలు, ఇప్పుడు కోట్లాది ప్రజల ఉత్తరాలకు, ఛాయాచిత్రాలకు, బ్యాంకు వివరాలకు కాపలా కాస్తున్నాయి.